రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఆరు నెలల ఆర్డరు

మే నెల వచ్చేసరికి శ్రీకాకుళం, విజయనగరం డిగ్రీ కాలేజీల్లో రెండో ఏడాది పూర్తిచేసిన బీకాం, బీబీఏ పిల్లలందరిదీ ఒకటే వెతుకులాట. ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ దొరకాలి, లాగ్‌బుక్ నిండాలి, వైవా గట్టెక్కాలి. వాళ్ళలో చాలామందికి ముందుగా తగిలేది సేల్స్. ఆ మాట ఇంట్లో చెప్పగానే "సేల్స్ అంటే ఎండలో బ్యాగు తగిలించుకుని ఇల్లిల్లూ తిరగడమే కదా, దానికి డిగ్రీ ఎందుకు?" అంటారు. తల్లిదండ్రులు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. సేల్స్ అనే ఒక్క పేరు మీద మన దగ్గర మూడు రకాల పనులు నడుస్తున్నాయి. వాటిని విడదీసి చెప్పే తీరిక కాలేజీకీ ఉండదు, కంపెనీకీ ఉండదు.

నేను ప్యాకింగ్ సామాను అమ్మే పనిలో ఉన్నాను. పైడిభీమవరం నుంచి ఇచ్ఛాపురం దాకా, ఇటు గరివిడి, బొబ్బిలి దాకా తిరుగుతుంటాను. వేసవిలో కాలేజీ పిల్లలు వెంట వస్తుంటారు. చురుకైన పిల్లలే. అయినా మొదట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఎన్ని ఆర్డర్లు తేవాలి?" వ్యాపార సంస్థలకు అమ్మే పనిలో రెండు నెలల్లో ఆర్డరు రాకపోవడమే మామూలు. ఎందుకు రాదో అర్థమైతే వాళ్ళకి ఈ పని సగం వచ్చినట్టే. ఆ ఎందుకు అనేదాన్నే ఇక్కడ విప్పి చెప్పాలని నా ప్రయత్నం.

ముందు ఆ మూడు పనులు. ఒకటి ఇంటి గుమ్మం దగ్గర అమ్మకం. క్రెడిట్ కార్డు దరఖాస్తులు, యాప్ డౌన్‌లోడ్‌లు, డీమ్యాట్ ఖాతాలు, వాటర్ ఫిల్టర్లు ఇందులోకి వస్తాయి. కొనేది మామూలు మనిషి, తన జేబులోంచి, తన అవసరానికి. రెండోది కొట్లకు సరుకు వేసే పని. కంపెనీ నుంచి స్టాకిస్టుకి, అక్కణ్ణించి డిస్ట్రిబ్యూటరుకి, అతని నుంచి కిరాణా కొట్టుకి సబ్బులూ బిస్కెట్లూ చేరే దారి అది. సేల్స్‌మన్‌కి రోజుకో బీట్ ఉంటుంది. సోమవారం ఆమదాలవలస అయితే మంగళవారం నరసన్నపేట. ఎంఆర్‌పీ ప్యాకెట్ మీదే అచ్చయి ఉంటుంది, స్కీము పైనుంచి వస్తుంది, కొట్టాయన నిలబడినచోటే ఆర్డరు చెప్తాడు. క్రమశిక్షణ నేర్చుకోవడానికి మంచి పనే అది.

మూడోది వ్యాపారం నుంచి వ్యాపారానికి అమ్మడం. జీడిపప్పు ఫ్యాక్టరీకి కవర్లు, రైస్ మిల్లుకి రంగు చూసి గింజను వేరుచేసే సార్టెక్స్ మెషీన్, ఆసుపత్రికి బెడ్‌షీట్లు, కాలేజీకి కంప్యూటర్లు, ఫెర్రో అల్లాయ్స్ కంపెనీకి విడిభాగాలు. ఇక్కడ కొనేవాడు తన సరుకు తయారవడానికో, తన సంస్థ నడవడానికో కొంటాడు. ఈ ఒక్క తేడాతో మిగతావన్నీ మారిపోతాయి. ఎవరితో మాట్లాడాలన్నది మారుతుంది, ధర అంటే ఏమిటన్నది మారుతుంది, ఆర్డరు వచ్చే కాలం మారుతుంది, బిల్లు కూడా మారుతుంది.

కాగితాల సంగతి తొందరగా తేల్చేస్తాను. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి ఉన్నత విద్యామండలి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ని తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది సెలవుల్లో రెండు నెలల ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఒక సెమిస్టరంతా పని. విద్యార్థికి ఇచ్చే పుస్తకంలో రోజువారీ లాగ్, వారం వారం రిపోర్టు రాయాలి. దీన్ని ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంతో కలిపి చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది వేరు. 2024 అక్టోబరులో పైలట్‌గా మొదలైనప్పుడు ఆ పథకం నిబంధనల్లో 21 నుంచి 24 ఏళ్ళ వయసు, ఏడాది కాలం, నెలకు 5,000 రూపాయలు ఉండేవి; రెగ్యులర్‌గా చదువుకుంటున్నవాళ్ళు అర్హులు కారని కూడా ఉండేది. కాలేజీ ఇంటర్న్‌కి ఇంత స్టైపెండ్ ఇచ్చి తీరాలనే సాధారణ చట్టం ఏదీ లేదు. కాబట్టి పెట్రోలు, బస్సు చార్జీలు ఎవరు పెట్టుకోవాలో మొదటిరోజే అడిగి తేల్చుకోవాలి. శ్రీకాకుళం నుంచి పలాస పోనే డెబ్బై కిలోమీటర్ల పైమాట. రెండు నెలలు సొంత డబ్బుతో తిరగడం ఎవరికైనా భారమే. అడగడానికి మొహమాటపడే పిల్లలు తర్వాత ధర మాట్లాడడానికీ మొహమాటపడతారు.

ఇక అసలు విషయం. పలాస-కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీకి వాక్యూమ్ కవర్లు అమ్మాలనుకుందాం. కస్టమర్ ఎవరు? ఏ విద్యార్థిని అడిగినా ఓనరే అంటారు. ఓనరు చెక్కు మీద సంతకం పెడతాడు, అంతవరకు నిజమే. కానీ కవరు ఆయన చేతిలో ఉండదు. పెంకుతో ఉన్న జీడి పిక్కల్ని ఉడకబెట్టి, కటింగ్ చేసి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడింగ్ అయ్యాక ఆ పప్పు ప్యాకింగ్ టేబుల్ దగ్గరికి వస్తుంది. అక్కడ ఎక్కువగా ఉండేది ఆడవాళ్ళు. కవరు మంచిదో చెడ్డదో ముందు తెలిసేది వాళ్ళకి. ఆ తర్వాత ఆఫీసు గదిలో అకౌంటెంట్ ఉంటాడు. ఆయనకి కవరు నాణ్యతతో పనిలేదు, బిల్లు నాణ్యతతో పని. నాలుగో మనిషి అసలు పలాసలోనే ఉండడు. హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఆ పప్పు కొనే పార్టీ అతను. ప్యాకెట్ చేరేసరికి బిగుతు పోయి, పప్పు విరిగి ఉంటే, ఫోన్ చేసి రేటు కోసేది అతను.

ఆ రేటు కోత ఎందుకంత ప్రమాదమో తెలియాలంటే గ్రేడుల గురించి తెలియాలి. డబ్ల్యూ 320 అంటే ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల బరువుకి 300 నుంచి 320 తెల్లని పూర్తి గింజలు తూగాలి. డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240. గింజ ఎంత పెద్దదైతే అంకె అంత చిన్నది, ధర అంత పెద్దది. గింజ బద్దగా చీలిందంటే ఆ గ్రేడులోంచి బయటికి వచ్చేస్తుంది, ముక్కైతే ఇంకా కిందికి. ఫ్యాక్టరీ పనంతా గింజ విరగకుండా చూసుకోవడం చుట్టూనే తిరుగుతుంది. కవరు గాలి పీల్చి వదులైతే లోపల పప్పు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటుంది, తేమ ఎక్కుతుంది, నిల్వ ఉంటే పురుగు పడుతుంది. అమ్మేది కవరే అయినా, ఓనరు కొనేది ఆ గ్రేడు నిలబడుతుందన్న ధీమాని.

ఒకసారి నాతో వచ్చిన బీకాం అమ్మాయి ప్యాకింగ్ టేబుల్ దగ్గర ఒకావిడకి మా శాంపిల్ కవరు ఇచ్చింది. ఆవిడ అందులో పప్పు నింపి, మెషీన్ మీద సీలు వేసి, కవరు మూల దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కింది. "బాగానే ఉంటాది గానమ్మా, రెండ్రోజులాగి సూడాల. పీల్చిందంటే ఈ మూలకాడే గాలి పీలుస్తాది" అంది. ఆ అమ్మాయి రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళింది. వదులైన కవర్లని ఆవిడ పక్కకి తీసి ఉంచింది. వాటి సీలు మీద సన్నగా పప్పు పొడి కనిపించింది. నింపేటప్పుడు కవరు నోటి దగ్గర పొడి అంటుకుంటే, ఆ రెండు పొరలూ అక్కడ సరిగా అతుక్కోవు. మందం ఎక్కువున్న ఖరీదైన కవరు ఇచ్చినా ఫలితం అదే. కవరు నోరు ఒకటిన్నర అంగుళాలు పొడవు పెంచి, నింపేటప్పుడు గరాటు పెడితే సరిపోతుంది. ఆ అమ్మాయి లాగ్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్న నాలుగు లైన్లు నేను చూసిన చాలా సేల్స్ రిపోర్టుల కంటే విలువైనవి. అమ్మకానికి ముందు ఇబ్బంది ఎక్కడుందో కళ్ళారా చూడడం, చూశాక అవసరమైతే తక్కువ ఖరీదుదే సూచించడం ఈ వృత్తిలో పరువు నిలబెట్టే పని. ఆ పరువు మీదే రెండో ఆర్డరు వస్తుంది.

ఇప్పుడు ధర. ఓనరు అడిగే మొదటి మాట "ఏటి తమ్ముడూ, రేటెంత?" దానికి జవాబు ఒక అంకె అనుకుంటే అక్కడే ఓడిపోతాం. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం, అంకెలు ఊహించుకున్నవే. ఆయన వాడే కవరు ఆరు రూపాయలు, మనది ఏడు. వెయ్యి కవర్లకి మనది వెయ్యి రూపాయలు ఎక్కువ. పాత కవర్లలో వెయ్యికి పది గాలి పీలుస్తున్నాయి, పీల్చిన ప్రతి కిలో ప్యాకెట్ మీద రేటు తగ్గి వంద రూపాయలు పోతున్నాయి, పైగా ఇంకో కవరు ఖర్చు. అంటే 1,060 రూపాయల నష్టం. మన కవరులో ఒక్కటీ పీల్చకపోతే రెండూ దాదాపు సమానమే. వెయ్యికి ఐదే పీలుస్తుంటే ఓనరుకి పాత కవరే లాభం, మన మాట వినక్కర్లేదు. ఇరవై పీలుస్తుంటే మన కవరే చవక. వాదన బలమంతా ఆ ఒక్క అంకెలో ఉంది: వెయ్యికి ఎన్ని? అది ఓనరుకి కూడా సరిగా తెలియదు, ప్యాకింగ్ టేబుల్ దగ్గర తెలుస్తుంది. ఇంటర్న్‌కి అప్పజెప్పడానికి ఇంతకంటే మంచి పని లేదు. వారం రోజులు రోజూ కాసేపు అక్కడ నిలబడి లెక్కపెట్టాలి.

రేటు తర్వాత అరువు. నిజం చెప్పాలంటే మన వైపు వ్యాపారంలో అరువే అసలు రేటు. వడ్డీని ఇక్కడ శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెప్తారు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. లక్ష రూపాయల కవర్లకి రొక్కం ఇస్తే ఒక శాతం తగ్గిస్తానని నేనంటే, అది వెయ్యి రూపాయలు. ఇంకో కంపెనీ తగ్గింపేమీ లేకుండా 30 రోజుల అరువు ఇస్తానంటుంది. ఓనరు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నడుపుతుంటే ఆ 30 రోజుల విలువ ఆయనకి రెండు వేలు. నా తగ్గింపు కన్నా వాళ్ళ అరువే మేలు. బ్యాంకు సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్ అప్పు) మీద రూపాయి వడ్డీ పడేవాడికి రెండూ ఒకటే. చేతిలో డబ్బు ఆడుతున్నవాడు నా తగ్గింపే పట్టుకుంటాడు. ఒకే కొటేషన్ ముగ్గురికి మూడు రకాలుగా కనిపిస్తుంది. పుస్తకంలో చదివిన వర్కింగ్ క్యాపిటల్ పాఠం ఇదే, పలాస మెయిన్ రోడ్డు మీద.

అరువుకి చట్టం గీసిన గీత కూడా ఒకటుంది, బీకాం పిల్లలు దీన్ని తెలుసుకుని వెళ్తే అకౌంటెంట్ దగ్గర మర్యాద దొరుకుతుంది. అమ్మేది ఉద్యం (చిన్న పరిశ్రమల కేంద్ర ప్రభుత్వ పోర్టల్) నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఒప్పందం ఉంటే అందులోని గడువుకి, ఎంత ఒప్పుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. గడువు దాటితే ఆ ఖర్చుని డబ్బు కట్టిన ఏడాదిలోనే ఆదాయం లోంచి మినహాయించుకోవాలని 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలోకి 43బి(హెచ్) నిబంధన తెచ్చింది. మార్చి నెలాఖరుకి పాత బాకీలు ఒక్కసారిగా వసూలవడానికి ఇప్పుడు ఇదీ ఒక కారణం. ఇది సరుకు తయారుచేసేవాళ్ళకీ, సేవలందించేవాళ్ళకీ గానీ, కొని అమ్మే వ్యాపారులకి వర్తించదు. ఇంటర్న్ తన కంపెనీ ఏ కోవలోకి వస్తుందో ముందే కనుక్కోవాలి.

ఆర్డరు ఎందుకు రాదు అన్న ప్రశ్నకి అసలు జవాబు రుతువులో ఉంది. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడి పంట ఏప్రిల్, మే నెలల్లో చేతికొస్తుంది. పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. ఏడాదంతా ఫ్యాక్టరీ నడవాలంటే ఓనరు అప్పుడే కొని గోడౌన్‌లో వేసుకోవాలి, చాలకపోతే ఆఫ్రికా దేశాల పిక్క తెప్పించుకోవాలి. చేతిలో ఉన్న రొక్కం, బ్యాంకు లిమిట్, బయటి అప్పు అన్నీ ఆ రోజుల్లో పిక్కల మీదే ఉంటాయి. పప్పుకి గిరాకీ దసరా, దీపావళి ముందు లేస్తుంది. స్వీట్ షాపుల కొనుగోళ్ళు, గిఫ్ట్ ప్యాకెట్లు అప్పుడే. కవర్ల ఆర్డర్లు ఆగస్టు, సెప్టెంబరులో పెరుగుతాయి. మన ఇంటర్న్ వచ్చేది మేలో, వెళ్ళిపోయేది జూలై మొదట్లో. ఓనరు దగ్గర డబ్బు లేనప్పుడు వెళ్ళి, డబ్బు వచ్చేలోపు తిరిగి వచ్చేస్తున్నాం. దానికి పిల్లల్ని నిందించడం అన్యాయం.

అయితే ఆ రెండు నెలలకే ఉన్న మేలు ఒకటుంది. కొనే తొందర లేనప్పుడు మనుషులు నిదానంగా మాట్లాడతారు. పోయిన దీపావళికి ఏ కవరు ఇబ్బంది పెట్టింది, ఎవరు సరుకు ఆలస్యంగా పంపారు, ఏ పార్టీ రేటు కోసింది, అన్నీ చెప్తారు. సెప్టెంబరులో అదే ఓనరు మనతో రెండు నిమిషాలు కూడా కూర్చోడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసిన సంగతి ఇప్పటికీ ఇలాంటి మాటల్లో వస్తుంది. జీడి మొక్క నాటాక కాపు మొదలవడానికే మూడు నాలుగేళ్ళు పడుతుంది, నిండు దిగుబడికి ఇంకా ఎక్కువ. ఊళ్ళో పిక్క ఎంత దొరుకుతుంది, బయటి పిక్క ఎంత తేవాలి అన్నది మారితే ఫ్యాక్టరీ ఎన్ని నెలలు నడుస్తుందన్నది మారుతుంది, అది నా కవర్ల లెక్క దాకా వస్తుంది. తోట సంగతి తెలియకుండా కవరు అమ్మబోవడం దండగ. రైస్ మిల్లుల క్యాలెండర్ దీనికి వేరు. ఖరీఫ్ ధాన్యం నవంబరు నుంచి మిల్లుకొస్తుంది కాబట్టి, మెషీన్ల గురించీ రిపేర్ల గురించీ మాట్లాడడానికి ఓనర్లకి తీరిక దొరికేది ఆ ముందు నెలల్లో. ఏ సరుకు అమ్మే కంపెనీలో చేరినా మొదటి వారం చేయాల్సిన పని ఒకటి: తన కస్టమర్లకి డబ్బు ఏ నెలలో వస్తుందో, ఏ నెలలో పోతుందో రాసుకోవడం.

పెద్ద కంపెనీల దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో సేల్స్ మనిషి గేటు దాటడమే కష్టం. సెక్యూరిటీ దగ్గర పేరు రాసుకుని పంపేస్తారు. అది అవమానం అనుకుని కుంగిపోయే పిల్లలున్నారు, అది పద్ధతి. అక్కడ పర్చేజ్ ఆఫీసరుకి మన కవరు నచ్చినా కొనలేడు. మందు తగిలే ప్యాకింగ్ మార్చాలంటే క్వాలిటీ విభాగం శాంపిల్ పరీక్షించాలి, మన కంపెనీని తనిఖీ చేయాలి, ఆమోదించిన సరఫరాదారుల జాబితాలో పేరు ఎక్కాలి. దానికి నెలలు పడతాయి. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్ కంపెనీల్లో ఇంత కట్టుదిట్టం ఉండకపోయినా కాగితం నడిచే వరస ఒకటే. వాడే విభాగం ఇండెంట్, అంటే ఫలానాది కావాలని రాసిన కాగితం, పెడుతుంది. పర్చేజ్ వాళ్ళు నలుగురిని కొటేషన్ అడుగుతారు. వచ్చినవాటిని పక్కపక్కన పెట్టి కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచేస్తారు. బేరం అయ్యాక పర్చేజ్ ఆర్డరు, సరుకు చేరాక స్టోర్స్ రసీదు, ఆ తర్వాతే బిల్లు. సంతకం చేసేవాళ్ళు చాలాసార్లు విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. ప్లాంట్‌లో మనతో బాగా మాట్లాడిన ఇంజినీరుకి డబ్బు మీద అధికారం ఉండకపోవచ్చు, కానీ ఇండెంట్ రాసేది ఆయనే. ఆయన రాసే స్పెసిఫికేషన్‌లో మన సరుకు ఇమిడితేనే మనకి కొటేషన్ అడిగే ఫోన్ వస్తుంది. ఇంటర్న్ ఇక్కడ ఆర్డరు కోసం వెంటపడకుండా ఒక్కో కంపెనీలో కాగితం ఎవరి బల్ల మీంచి ఎవరి బల్ల మీదికి పోతుందో పటం గీసి తెస్తే చాలు. నేను అలాంటి పటాన్ని ఏళ్ళ తరబడి వాడుకుంటాను.

బిల్లు గురించి రెండు మాటలు. కొనేది వ్యాపారి కాబట్టి అతను కట్టిన జీఎస్టీ అతనికి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి లెక్కలోకి వస్తుంది. అలా రావాలంటే అమ్మినవాడు ఆ బిల్లుని తన అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లో చూపించాలి. నెలవారీ వేసేవాళ్ళకి దాని గడువు తర్వాతి నెల 11వ తేదీ. 14న కొన్నవాడికి దొరికే క్రెడిట్ చూపే జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది. అందులో మన బిల్లు లేకపోతే అకౌంటెంట్ ఓనరుకి చెప్పే మాట ఒకటే: ఈ కంపెనీ దగ్గర కొనకండి. రిటర్న్ ఆలస్యంగా వేసే కంపెనీ ఎంత తక్కువ రేటు చెప్పినా అది తక్కువ రేటు కాదు. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తర్వాతి పది పాన్. ఆంధ్రప్రదేశ్‌కి 37, ఒడిశాకి 21. ఇచ్ఛాపురం దాటి బరంపురం పార్టీకి సరుకు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం మీద పన్ను) వేయాలి, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) ఉండాలి. ఈ నంబర్లని జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు. కొత్త పార్టీ దగ్గరికి వెళ్ళే ముందు ఇంటర్న్ ఇది చూసుకుని వెళ్తే, ఆ సంస్థ ఎప్పుడు నమోదైంది, ఇప్పుడు నడుస్తోందా రద్దయిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

చివరగా, నాకు చాలా బాధ కలిగించే విషయం. బిజినెస్ సేల్స్ ఇంటర్న్‌షిప్, బిజినెస్ డెవలప్‌మెంట్ ట్రైనీ లాంటి పేర్లు పెట్టి మన పిల్లల చేత బంధువులకి అమ్మించే మనుషులున్నారు. ముందు ట్రైనింగ్ ఫీజు అంటారు, లేదా ఒక కిట్ కొనమంటారు. తర్వాత ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ రాసివ్వమంటారు. మామయ్యకి, పిన్నికి, హాస్టల్ స్నేహితులకి ఫోన్లు చేయిస్తారు. ఆ తర్వాత "నువ్వు ఇద్దరిని చేర్పించు, వాళ్ళు నలుగురిని చేర్పిస్తారు" అనే దగ్గరికి వస్తారు. అగ్రిగోల్డ్‌లో పోగొట్టుకున్న కుటుంబాలున్న జిల్లాలు మనవి. మనిషిని చేర్చినందుకు డబ్బు వచ్చే పిరమిడ్ పథకాలని 2021 డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు నిషేధించాయి, చేరడానికి ఫీజు వసూలు చేయకూడదని కూడా ఆ నియమాల్లో ఉంది. మనీ సర్క్యులేషన్ పథకాల మీద నిషేధం 1978 చట్టం నాటి నుంచే ఉంది. ఇంత చదవకపోయినా ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. కొనేవాడికి జీఎస్టీ నంబరు ఉందా? వ్యాపారానికి అమ్మే పని అయితే ఆ సరుకు కొనే సంస్థల పేర్లు చెప్పమనండి. చెప్పలేక, నీ పరిచయాలే నీ మార్కెట్ అంటే, లేచి వచ్చేయండి. లాగ్‌బుక్ కోసం కూర్చోవద్దు. కాలేజీలో కోఆర్డినేటర్‌కి చెప్తే కొత్త చోటు చూసుకునే వీలుంటుంది.

ఆడపిల్లలని సేల్స్‌కి పంపడానికి ఇంట్లో వెనకాడతారు. ఎండ, దూరం, తెలియని మనుషులు, ఆ భయంలో అర్థముంది. కంపెనీలు కూడా దాన్ని సాకుగా తీసుకుని వాళ్ళని ఆఫీసులో కొటేషన్లు టైపు చేయడానికి కూర్చోబెడతాయి. నేను చూసినంతలో జీడి ఫ్యాక్టరీ ప్యాకింగ్ హాల్లో నాకు దొరకని జవాబులు అమ్మాయిలకి దొరుకుతాయి. అక్కడి ఆడవాళ్ళు నన్ను చూస్తే ఓనరు మనిషి అనుకుని ముభావంగా ఉంటారు, కాలేజీ అమ్మాయిని చూస్తే పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్తారు. సీనియర్ ఎవరైనా వెంట ఉండడం, పొద్దుగూకేలోపు ఇంటికి చేరేలా రూటు వేయడం, వెళ్ళే చోటు ఇంట్లో ముందే తెలియడం కంపెనీ బాధ్యత. అది అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది. అడగాలి.

ఆర్డర్లు రాకపోతే రిపోర్టులో ఏం రాయాలి, గైడ్‌కి ఏం చూపించాలి అని అడుగుతారు. కలిసిన ప్రతి సంస్థకి ఒక పేజీ చాలు. వాళ్ళు ఏం తయారుచేస్తారు, ఇప్పుడు ఎవరి దగ్గర కొంటున్నారు, ఎవరు వాడతారు, ఎవరు సంతకం పెడతారు, అరువు ఎన్ని రోజులు, డబ్బు తిరిగే నెల ఏది, ఇబ్బంది ఏమిటి, వాళ్ళ నోటి మాటల్లోనే. "ఆసక్తి చూపారు" లాంటి వాక్యాలు పనికిరావు; "వినాయక చవితి తర్వాత శాంపిల్ తెమ్మన్నారు" అన్నది పనికొస్తుంది. వద్దన్నవాళ్ళ పేజీ కూడా ఉంచాలి, ఎందుకు వద్దన్నారో రాసి. కాలేజీలు కూడా వైవాలో ఎంత అమ్మావు అని అడగడం మానేసి ఒక సంస్థ పేజీ తీసి, ఈ ఓనరు ఎందుకు కొనలేదు అని అడిగితే అసలు పని చేసినవాళ్ళు ఎవరో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఆఖరి వారంలో ఆ పేజీలన్నీ మేనేజర్‌కి అప్పగించి, ఒక్కో సంస్థని తర్వాత ఎవరు చూసుకుంటారో పేరు రాయించుకోవాలి. లేకపోతే ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది. సర్టిఫికెట్‌లో "సంతృప్తికరంగా పనిచేశారు" అన్న మాటకి బదులు ఏ రకం పరిశ్రమల్లో, ఏ పని చేశారో రాయమని అడగాలి. ఇంటర్వ్యూలో అడిగేది దాన్ని గురించే. దసరా దగ్గరపడ్డాక మేనేజర్‌కి ఒకసారి ఫోన్ చేసి, తాను రాసిన పేజీల్లో ఏవి ఆర్డర్లయ్యాయో, ఏవి కాలేదో, కానివి ఎక్కడ ఆగాయో కనుక్కోవాలి. అప్పటికి కాలేజీ మొదలై ఐదో సెమిస్టరు నడుస్తూ ఉంటుంది. ఆ ఫోన్‌కి లాగ్‌బుక్‌లో గడి లేదు. అయినా చేయాలి.